ఆ నానమ్మకు ఎవరు చెప్పాలి?

"మనకెందుకమ్మా ఆ గొడవ? ఆ పిల్ల ఇంట్లోవాళ్లెళ్లి క్రెష్ యజమానితో చెబితే ఈవిడగారి ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు కొడుకు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

"ఊడనీరా! పసిపిల్ల బతుకు కంటే ఉద్యోగం ఎక్కువా?" అత్తగారు వంటింట్లోంచే గదిమింది.

పొద్దున్నుంచీ ఇదే రభస. కోడలు పసిపిల్లలను చూసుకునే క్రెష్‌లో టీచరు. ఈమధ్య ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెడుతోంది. అడగ్గా అడగ్గా నిన్న నోరు విప్పింది. ఒక పిల్ల ఎదుగుదల తేడాగా ఉందట. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదట.

కోడలి కూతురు చిట్టి వచ్చి నానమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, ఆ చేతిని నీళ్ల కూజా మీద పెట్టింది.

"మహారాణిగారికి దాహమేసిందా!" అత్తగారు మురిసిపోయింది. చిట్టి నోరు తెరిచి అడిగేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఆగరు. నీళ్లు తాగి మనవరాలు మూలకు పోయి, గిన్నెమూతను గిరగిరా తిప్పుకుంటూ కూర్చుంది. ఎవరినీ సతాయించని పిల్ల.

"ఇంతకీ ఏం చూశావే ఆ పిల్లలో?"

"రెండేళ్లు దాటాయత్తయ్యా. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. కావలసింది వేలితో చూపించదు. వచ్చిన ఒకటి రెండు మాటలు కూడా పోయాయి."

"కొందరికి మాటలు ఆలస్యంలే," అన్నారు మామగారు పేపరు దించకుండా.

"మీరూరుకోండి! వచ్చిన మాటలు ఊరికే పోతాయా? ఎంత తొందరగా చూపిస్తే అంత మంచిది. అసలా తల్లి ఏం చేస్తోందట?"

"తల్లికి తెలుసత్తయ్యా." కోడలు మడతపెట్టిన చిన్న గౌను మళ్లీ విప్పింది. "నానమ్మకు చెప్పాలంటేనే భయం. ఆ పిల్లంటే ఆవిడకు ప్రాణం. ఒక్క మాట పడనివ్వదు."

"ప్రాణమైతే ముందు ఆవిడే పరిగెత్తాలి! ఒక పూట ఏడుస్తుంది, అంతేగా? చంకనెక్కించుకుని ముద్దుచేస్తే సరా? నీకు నోరు రాకపోతే చెప్పు, ఆ మహాతల్లితో నేనే మాట్లాడతాను."

"ఈ మాట మీద నిలబడతారుగా?"

"నన్నా అడుగుతున్నావు!"

కోడలు చేతిలోని చిన్న గౌను మడతపెట్టి, ఈసారి విప్పకుండా పక్కన పెట్టింది. మూలన మూత గిరగిరా తిరుగుతూనే ఉంది. ఆమె ముగ్గురి వైపూ ఒకసారి చూసి, నెమ్మదిగా చెప్పింది.

"రేపు మన చిట్టిని డాక్టరుకు చూపిస్తున్నానత్తయ్యా."