రెండో పేరు

శవాగారం జాబితాలో పేర్లు అక్షరక్రమంలో రావడం లేదంటే, రాత్రిపూట ఒక్కడే కూర్చుని కొత్త వరస నియమం రాశాడు ఆసుపత్రి ప్రోగ్రామర్. రెండు పేర్లను పోల్చిన ప్రతిసారీ కంప్యూటర్ బీప్‌మనేలా పెట్టాడు.

ఆ రాత్రి శవాగారంలో ఉన్నది ఒక్క ముసలాయన శవమే. ఉన్న ఒక్క పేరునీ దేంతో పోలుస్తుంది? అయినా బీప్‌మంది.

"ఎక్కడో తప్పు రాసి చచ్చాను" అని గొణుక్కుంటూ, పోలుస్తున్న పేర్లను తెర మీదికి రప్పించాడు. మొదటిది ముసలాయనది. రెండోది, ఇంటిపేరుతో సహా, తన భార్యది.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాడు.

"వచ్చేశానండీ, క్యారేజీ తెస్తున్నా. పాప కూడా వస్తానని ఒకటే గోల. మీ గేటెదురుగా రోడ్డు దాటుతున్నాం."

"దాటొద్దు!" అని అరిచాడు.

ఫోన్ కట్టయింది. వెనక కంప్యూటర్ బీప్‌మంది. క్షణం ఆగి, ఇంకోసారి.