ఎనిమిదో మార్కు

పదికి ఎనిమిదొస్తే పాస్. పాసైనవాళ్ళు మా ఉచిత కోడింగ్ క్లాసుకి మళ్ళీ రావడానికి వీల్లేదు. అందరూ పాసై వెళ్ళిపోగా టైలరమ్మ ఒక్కతే మిగిలింది. రాసిన మూడు పరీక్షల్లోనూ ఆమెకి ఏడే.

నాలుగోసారీ ఏడే. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. విసుగెత్తి, ఐదో ప్రశ్నకి నేనే ఒక మార్కు కలిపి పేపరు ఆమె చేతిలో పెట్టాను. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే లూపు ఎక్కడ ఆగాలో రాయమనే ప్రశ్న అది.

"పాసయ్యారమ్మా. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆమె మొహం వాడిపోయింది.

"సరిగ్గా చూడండి సార్. ఐదోది తప్పు కదా? లూపు తిరిగినప్పుడల్లా లెక్క పెరగాలి. నేను రాసినదాంట్లో పెరగడమే లేదు. ఇంక అదెలా ఆగుతుంది?"

మూడు నెలలుగా నేను తల బాదుకుని చెప్తున్న మాట అది. గడగడా అప్పజెప్పేసింది.

"అయితే తెలిసే తప్పు రాశారా?"

మెడలో వేలాడే కొలతల టేపుని ఆమె వేలికి చుట్టుకుంది.

"ఇంట్లో కుట్టుమిషను చప్పుడొక్కటే సార్. ఇక్కడైతే మీరు తిడతారు."

గదిలో మిగతా కంప్యూటర్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఆమెదొక్కటే వెలుగుతోంది.

నా ఇంట్లో మిషను చప్పుడు కూడా ఉండదు.

ఎర్రపెన్ను తీసి, ఎనిమిది కొట్టేసి ఏడు వేశాను.

"ఇదేం బుర్రమ్మా మీది! రేపు పెందరాళే రండి, మొదటి పాఠం నుంచీ మొదలెడదాం," అని గట్టిగా తిట్టాను.