అన్నీ ఆడవే

"బకెట్ కింద పెట్రా!"

గిడియోన్ అరుపుకి అరబ్బు దేశంలోని హిద్ సముద్రపుటొడ్డున పీతలు ఏరుకుంటున్న నలుగురైదుగురు తలెత్తి చూశారు. అరిచింది తమని కాదని తెలిసి మళ్ళీ వంగారు. భూమేష్ మాత్రం మోకాలిలోతు నీళ్ళలో కొయ్యబారిపోయాడు. అతను రెండు చేతులా పట్టుకున్న బకెట్ నిండా పీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

"అన్నా, నేను నీ దిక్కే..."

"నోర్ముయ్! శుక్రవారం వస్తే చాలు, సల్మాబాద్ కూలీల క్యాంపులన్నీ ఇక్కడే దిగిపోతాయి. సరదా అంట, సరదా! మీ సరదాకి మా పొట్ట కొడతారా?"

గిడియోన్ ఎనిమిదేళ్ళుగా చేపల పడవ మీద పని చేస్తున్నాడు. కోపం వస్తే అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"మా పడవకేమో రోజుకి ఇంతేనని లెక్క. దాటితే లైసెన్సు ఊడిపోద్ది. మీకు మనిషికి ఐదు కిలోలన్నారు. ఇవెన్ని? పదిహేను కిలోలుంటాయి! పైగా గుడ్ల పీతలు!"

నిజమే. పీతల పొట్టల కింద నారింజరంగు గుడ్లు ముద్దలు ముద్దలుగా కనిపిస్తున్నాయి. సరదాకి పట్టేవాడైనా, అమ్ముకునేవాడైనా, గుడ్లున్న ఆడపీత దొరికితే వెంటనే నీళ్ళలో వదిలెయ్యాలి. ఒడ్డున బోర్డు మీద ఆ సంగతి మూడు భాషల్లో రాసుంది. ఏం లాభం, ఆ మూడింట్లో తెలుగు లేదు.

"నా మాటినన్నా..."

భూమేష్ మాట పూర్తి కాకముందే ఒడ్డు మీద తెల్ల జీపు ఆగింది. చేపల వేట మీద తనిఖీ చేసే అధికారి దిగాడు. గిడియోన్ కళ్ళు ఒకసారి అటూ ఇటూ తిరిగాయి. చటుక్కున భూమేష్ రెక్క పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు.

"సార్, దొంగ దొరికాడు!" అన్నాడు అరబ్బీలో.

అధికారి బకెట్‌లోకి తొంగి చూసి మొహం చిట్లించాడు. భూమేష్ జేబులోంచి గుర్తింపు కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. దేశంలోకి వచ్చి మూడు నెలలే అయింది. ఆయన గొంతు కాస్త మెత్తబడింది.

"కొత్తవాడు. ఆడో మగో తెలియక పట్టి ఉంటే, పీతల్ని వదిలించి పంపించేస్తాను. తెలిసే పట్టాడా, కేసు. కంపెనీకి కబురు, ఆపైన విమానం. అడుగు వాణ్ణి."

ఆ మాటల్లో సగం కూడా గిడియోన్ తెలుగులోకి తేలేదు. "ఇవి ఆడవని నీకు తెలుసా?" అన్నాడంతే.

భూమేష్ మొహం ఒక్కసారిగా వెలిగింది. హమ్మయ్య, ఇంతసేపటికి తను చెప్పాలనుకున్న సంగతే అడిగారు!

"తెల్సన్నా! నా కండ్లతోని సూసిన. ఆడియే!"

"అన్నీనా?"

"అన్నీ ఆడియే. ఒక్కటి సుత ఈడిది కాదు!"

అయ్యో పిచ్చివాడా! అడిగీ అడగంగానే తన మెడకి తనే ఉరి బిగించుకున్నాడు.

"ఒప్పుకున్నాడు సార్," గిడియోన్ అధికారి వైపు తిరిగాడు. "అన్నీ ఆడవేనట. చూసి మరీ పట్టాడట."

"ఖలాస్," అంటూ అధికారి కేసుల పుస్తకం తీశాడు.

మూడు నెలల్లో భూమేష్‌కి బాగా తెలిసిన అరబ్బీ మాట అదొక్కటే.

"ఖలాస్ అంటుండేందన్నా? నన్ను ఇంటికి పంపుతరా? నేనేం జేసిన?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆడియే అంటె నమ్మరేంది? కావాలంటె సూపిస్త!"

అధికారి బకెట్ లాక్కున్నాడు. చేతులు ఖాళీ కాగానే భూమేష్ వేలెత్తి సముద్రం వైపు చూపించాడు.

"ఆడ! గా మీ పచ్చ పడవ కింద!"

అధికారికి ఒక్క ముక్క తెలుగు రాదు గాని, వేలు ఎటు చూపిస్తోందో తెలిసింది. పుస్తకం మూసి, నీళ్ళలోకి దిగి, పడవ దగ్గరికి నడిచాడు. పడవ పక్కన వేలాడుతున్న తాడు పట్టుకుని పైకి లాగాడు. చిరిగిన గోనెసంచి ఒకటి పైకొచ్చింది. ఆ చిరుగులోంచి గుడ్ల పీతలు టపటపా నీళ్ళలో పడ్డాయి.

"ఒరే, ఆ మాట ముందే చెప్పి చావొచ్చు కదరా!" గిడియోన్ పళ్ళు కొరికాడు.

"సెప్పనిచ్చినవా అన్నా? మీ సంచి సినిగి ఎండ్రికాయలన్ని పోతున్నయ్, మన తెలుగోళ్ళ కష్టం నీళ్ళపాలైతుందని ఏరి, నీకే ఇద్దామని తెస్తున్న!"