మిగిల్చిన మూడు స్వరాలు

తలుపు తెరవగానే తమ్ముడు కీబోర్డు మీద తుమ్మాడు.

అంటే, పోయిన వారం ఇదే గదిలో బావ తుమ్మిన తుమ్ముని ఉన్నదున్నట్టు వాయించాడు.

"విన్నారా మేడమ్! నా తుమ్ముకన్నా వీడిదే బాగుంది," అన్నాడు బావ. అక్కని మోచెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈ గదికి రావాలంటే ఆమెకి అడుగు ముందుకి పడదు.

థెరపిస్టు నవ్వింది. "మనిషి మొహంలోకి చూడడు. పలకరిస్తే పలకడు. చెవిన పడింది మాత్రం చచ్చినా మర్చిపోడు. ఆటిజం ఉన్నవాళ్లలో ఏ కొందరికో ఉంటుందిలెండి ఈ విద్య."

ఆ సంగతి అక్కకి ఎవరో చెప్పాలా? కుక్కర్ కూత, పక్కింటి గేటు కిర్రు, నాన్న దగ్గు... చిన్నప్పుడు ఏది వింటే అది వాయించేవాడు. స్నేహితురాళ్లు ఇంటికొస్తే ఆమెకి తల కొట్టేసినట్టుండేది. వాణ్ణి కీబోర్డుతో సహా సామాన్ల గదిలోకి తోసి గడియ పెట్టేది.

"లోపల ఎవరే?" అని అడిగితే, "రేడియో," అనేది.

అమ్మ పోయాక వాణ్ణి హాస్టల్లో పడేసింది కూడా ఆమే. మళ్లీ ఆ వైపు తొంగి చూడలేదు. ఇప్పుడు వారం వారం వాడి ఎదుట కూర్చోక తప్పడం లేదు.

"ఇవాళ పాటలొద్దు," అంది థెరపిస్టు. "అప్పటికప్పుడు ఏది తోస్తే అది. తమ్ముడు సగం వాయించి ఆపుతాడు. మిగతా సగం అక్క అందుకోవాలి. సరేనామ్మా?"

"అందుకుంటుందండీ," అన్నాడు బావ.

తమ్ముడు మూడు స్వరాలు వాయించి ఆగాడు.

అక్క వెంటనే గుర్తుపట్టింది. అది పాట కాదు. ఆమె గొంతే. సామాన్ల గది తలుపు బయట నిలబడి రోజూ అరిచిన అరుపు. 'ఆపరా, పిచ్చోడా!'

అందులో 'ఆపరా' ఒక్కటే వాయించి, మిగతా మూడు స్వరాలూ ఆమెకి వదిలేశాడు.

ఆమె తల దించుకుంది. వాడు మళ్లీ వాయించాడు, ఈసారి జోలపాటలా మెల్లగా. ఆ తర్వాత గెంతులేస్తున్నట్టు. ఆ తర్వాత, లోపలి నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు. ఎలా వాయించినా అక్కడికే వచ్చి ఆగుతున్నాడు.

"భలే ఉందే! ఏం పాటయ్యా ఇది?" అడిగింది థెరపిస్టు.

"అక్క పాట," అన్నాడు తమ్ముడు గోడకేసి చూస్తూ. గొంతులో కోపం లేదు. అదే ఆమెని కోసేసింది.

క్షమించరా అనాలి. ఇవాళ ఎలాగైనా అనాలి. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుని నోరు తెరిచింది.

"పిచ్చోడా!"

తమ్ముడు కీబోర్డు మీంచి చేతులు తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు, అచ్చం అప్పట్లో లాగే. అక్క సిగ్గుతో చచ్చిపోయింది.

బావ భోరుమన్నాడు. థెరపిస్టు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

పక్షవాతంతో మాట పడిపోయిన అక్క చేత, ఇన్ని నెలల వైద్యం తర్వాత, ఆ ఆసుపత్రిలో జీతానికి వాయించే తమ్ముడు పలికించిన మొట్టమొదటి మాట అది.