మళ్ళీ వాయిదా

"మూడువందలు దాటింది!" నర్సు యంత్రంలో అంకె చూసి తల పట్టుకుంది. "ఈరోజూ ఆపరేషన్ లేనట్టే."

కండక్టరు మంచం మీద నుంచే నవ్వాడు. "నా బస్సు ఇవాళా డిపో దాటలేదన్నమాట."

"నవ్వులాటగా ఉందా? ఇన్సులిన్ పెంచినా షుగర్ దిగడం లేదు. ఏం తింటున్నారు?"

"నేను పక్కనే ఉన్నానమ్మా," అంది భార్య గబగబా. "చప్పిడి కూడు, పడుకునే ముందు గ్లాసుడు పాలు. అంతే. సంచులు మోసుకొచ్చే వాళ్ళని అడగండి."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. కండక్టరు అక్క ముఖం కందిపోయింది. "సంచిలో వాడి ఉతికిన బట్టలే ఉన్నాయి. సొంత తమ్ముడికి నేను చెరుపు చేస్తానా?"

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడట, నేనెంత!" అనుకుంటూ నర్సు వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది.

డాక్టరు కట్టు విప్పాడు. వాసనకు అక్క ముక్కు మూసుకుంది.

"షుగర్ ఇంత ఉండగా కోస్తే పుండు మానదు. కోయకపోతే కుళ్ళు పైకి పాకుతుంది. మొదట్లో వేలు తీస్తే సరిపోయేది, ఇప్పుడు సగం పాదం తీయాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ నాన్న కూడా కాలి వేలికేనంటూ ఆపరేషన్ గదిలోకి వెళ్ళాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ గది తలుపు చూస్తేనే ఆమెకు ఒళ్ళు చల్లబడుతుంది.

అక్క ఏడుస్తూ సంచి తీసుకుని లేచింది. కండక్టరు అది చూడలేకపోయాడు.

"అక్కనేమీ అనకండి. బిస్కెట్లు దాచుకుని నేనే తింటున్నాను. నోరు కట్టుకోలేకపోయాను."

డాక్టరు, నర్సు, అక్క అందరూ కలిసి అతణ్ణి దులిపేశారు. భార్య మాత్రం పాల గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళింది.

సాయంత్రానికి ఇద్దరే మిగిలారు.

"ఇదిగో, విను," అన్నాడతను. "ఆ తలుపు దాటిన వాళ్ళందరూ మీ నాన్నలా అయిపోరు. నాకూ భయంగానే ఉంది. కానీ ఇంకొన్నేళ్ళు నీతో పోట్లాడాలని ఉందే. రేపు నన్ను నవ్వుతూ పంపించు."

"నాకు చేతకాదండీ," అంటూ ఆమె భోరుమంది.

ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఎప్పటిలాగే అటు తిరిగి గ్లాసులో పాలు పోసి తెచ్చింది. అతను ఒక గుక్క తాగి, ఆమె ముఖంలోకి చూసి, చేయి గట్టిగా పట్టుకున్నాడు.

మొట్టమొదటిసారి, పాలు చప్పగా ఉన్నాయి.