రెండు వందలవ గంట

ఇంకా ముప్ఫై ఒక్క గంటలు కావాలి. ఉన్నవి అయిదు రోజులు, రోజుకు ఆరు గంటలు. ఎలా కూడినా ముప్ఫై దగ్గరే ఆగుతోంది.

పెద్దావిడ బస్సులో కూర్చుని వేళ్ళు మడిచి మళ్ళీ కూడింది. లెక్క మారలేదు. ఒళ్ళోని పాఠ్యపుస్తకం తెరిచింది. పెన్సిలుతో గీతలు గీసి ఉన్న వాక్యాలు మాత్రమే చదివి, జాగ్రత్తగా మూసింది.

కళలూ సంస్కృతీ చదివేవాళ్ళకు పుస్తకాలు బట్టీ పడితే సరిపోదు. మూడో ఏడు మ్యూజియంలో రెండు వందల గంటలు చేత్తో పని చెయ్యాలి. ప్రతి గంటా పనిపుస్తకంలో రాయాలి, క్యూరేటరు సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రానికి ఆ పుస్తకం యూనివర్సిటీకి చేరకపోతే పట్టా లేదు.

మ్యూజియం వెనకగుమ్మం దగ్గర కాపలా మనిషి ఆవిడను చూసి, మొహం తిప్పుకుని తాళం తీశాడు.

పాతబట్టలు భద్రపరిచే గదిలో అప్పటికే ఒక అమ్మాయి ఉంది. వారం కిందటే పనికి చేరిన విద్యార్థిని. నోటికి మూత పడదు.

“పెద్దమ్మా, ఆ ఏప్రన్ మీకు ఊపిరాడనిచ్చేలా లేదు. బీరువాలో పెద్దది ఉంది, తెచ్చిపెట్టనా?”

“వద్దు తల్లీ. ఇదే బాగుంది.”

“అయినా ఈ వయసులో ఈ చదువేంటండీ బాబూ! ఇంట్లో ఎవరూ వద్దనలేదా?”

“అనడానికి ఎవరున్నారు?” అంటూ ఆవిడ బ్రష్షు అందుకుంది.

బల్ల మీద పాత శాలువా ఒకటి పరిచి ఉంది. సగం దాకా తీగలూ పువ్వులూ కుట్టారు. ఆపైన ఉత్త గీతలే. ఒక పువ్వు మధ్యలో తుప్పుపట్టిన సూది ఇంకా గుచ్చుకునే ఉంది. శాలువా మీద సన్నటి వలగుడ్డ వేసి, మెత్తటి బ్రష్షుతో అంగుళం అంగుళం దుమ్ము లేపాలి. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ మరకుందో కార్డు మీద రాయాలి. ఊహించి ఒక్క ముక్క కూడా రాయకూడదు.

ఆవిడ పని నెమ్మది. జానెడు గుడ్డకే పూట గడిచిపోయేది.

“మిమ్మల్ని చూస్తే నత్త కూడా కాసేపు నడుం వాలుస్తుంది పెద్దమ్మా!” అని నవ్వింది అమ్మాయి. పనిపుస్తకం తిరగేసి, “మొదట్లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే! ఇప్పుడేంటి, కోడి గెలికినట్టు?” అంది.

“మధ్యలో రెండు నెలలు పని ఆగిపోయింది కదమ్మా. ఈ చెయ్యి ఇంకా దారికి రాలేదు.”

బుధవారం క్యూరేటరు పని చూడడానికి వచ్చింది. మాట కరుకు, చూపు సూది. కార్డులో ఒక మరకను ‘టీ మరక కాబోలు’ అని రాస్తే ‘కాబోలు’ కొట్టేసింది. తర్వాత టీని కూడా కొట్టేసింది.

“మేడమ్,” అంది పెద్దావిడ భయపడుతూనే. “ఈ మిగతా పువ్వులు మనం కుట్టెయ్యమా? గీతలు ఉండనే ఉన్నాయి. నాకు కుట్టుపని వచ్చు.”

“చెయ్యకూడదు. కుట్టిన మనిషి ఎక్కడ ఆపితే అక్కడే ఉండాలి. ఇంకొకరి చెయ్యి పడితే అది ఆమె పని కాకుండా పోతుంది.”

బ్రష్షు ఆగిపోయింది. క్యూరేటరు నాలిక కరుచుకుంది. ఏదో అనబోయి, “టీ తాగి రండి” అని గబగబా వెళ్ళిపోయింది.

ఆవిడ టీకి కదల్లేదు. గంటలో టీ కలిస్తే అది గంట కాదు.

గురువారం సాయంత్రానికి ఇంకా ఏడు మిగిలాయి. మర్నాడు గది తెరిచి ఉండేది ఆరు గంటలే.

“ఒక్క గంటే కదా, నేను వేసేస్తాను. ఎవరు చూడొచ్చారు?” అంది క్యూరేటరు, ఎన్నడూ లేనంత మెత్తగా.

“వద్దు మేడమ్. దొంగ గంట వద్దు. చేసిన గంటే కావాలి.”

క్యూరేటరు తాళంచెవుల గుత్తి అందుకుంది. “అయితే రేపు గంట ముందే రండి. తాళం నేనే తీస్తాను.”

శుక్రవారం ఆఖరి గంటలో శాలువాను పల్చటి కాగితాల మధ్య పెట్టెలో పడుకోబెట్టింది ఆవిడ. మడత దగ్గర నలగకుండా కాగితం చుట్ట పెట్టింది. తీసి, సరిచేసి, మళ్ళీ పెట్టింది. మూత చేతిలోనే ఉంది.

“గంట అయిపోయింది పెద్దమ్మా, మూసెయ్యండి!”

“ఒక్క నిమిషం తల్లీ. మూస్తే ఇక అయిపోయినట్టేగా.”

చివరికి మూసింది.

రెండు వందలవ గంట పక్కన క్యూరేటరు కలం ఆగింది. బుధవారం తను అన్న మాట తనకే అడ్డం పడ్డట్టుంది; అయినా సంతకం పెట్టింది. తర్వాత సొరుగులోంచి ధ్రువపత్రం తీసింది. పేరు రాసేచోట ఖాళీ గీత ఉంది.

“అన్నట్టు పెద్దమ్మా, మీ పేరే నాకు తెలీదు సుమా!” అంటూ అమ్మాయి భుజం మీంచి తొంగిచూసింది.

క్యూరేటరు ఎవరినీ అడగకుండానే ఆ గీత మీద, నూట అరవై తొమ్మిది గంటలు ఈ గదిలో పనిచేసి నూట డెబ్బయ్యో గంటకు బయల్దేరి దారిలోనే రాలిపోయిన విద్యార్థిని పేరు, పెద్దావిడ కూతురి పేరు రాసింది.