ఖంగుమన్న పడవ

"రొట్టెలు పెట్టిన. పల్లీల తొక్కు పెట్టిన. పోరి తడుస్తే ఇంకో జత బట్టలు..." అంటూ జములమ్మ కృష్ణ ఒడ్డున కూర్చుని, కట్టిన సంచి మళ్లీ విప్పి సర్దింది.

"పొద్దూకే వరకు వస్తం గదనే అమ్మా. నువ్వు సర్దుతుంటే కాశీకి పోతున్నట్టుంది," అన్నాడు కొడుకు ఈరన్న.

"అమాస నాడు నీళ్ల మీద పోవుడు ఏంది బిడ్డా?"

"మగ్గం ఆగేదే అమాస నాడు. ఇంకెప్పుడు పోతం?"

ఒడ్డున రెండు చిన్న అల్యూమినియం మోటారు పడవలున్నాయి. ఒకటి నీలం రంగుది, ఒకటి రంగు వేయనిది. అవతలి గడ్డ దాకా జనాన్ని సరదాగా తిప్పుకొస్తాయి. కోడలు చంద్రకళ, ఏడేళ్ల మనవరాలు భవ్యశ్రీ అప్పటికే నీలం పడవలో కూర్చున్నారు.

"జర ఆగుండ్రి," అంది జములమ్మ. వంగి, వేలి ఉంగరంతో రంగులేని పడవలో కూర్చునే రేకు పీటను కొట్టింది. ఖంగుమంది. నీలం పడవ పీటను కొట్టింది. దబ్ అంది, అంతే. మళ్లీ కొట్టింది. మళ్లీ దబ్.

"ఇది వద్దు. దిగుండ్రి."

నీలం పడవ నడిపే ఇస్రాయేలు నవ్వాడు. "గది గిన్నె గాదవ్వా, పడవ. రెండూ మొన్ననే వచ్చినయ్. ఏదైతేంది?"

"నలభై ఏండ్ల సంది సంతల కుండైనా గిన్నైనా కొట్టి చూసే కొంటున్న. మోగనిదాంట్ల పగులుంటది. నాకు తెల్వదా?"

"నానమ్మా, నాకు నీలందే కావాలె!"

"దిగుతవా, లేదా?" జములమ్మ పిల్ల చెయ్యి పట్టి లాగింది.

తల్లి కళ్లలో నీళ్లు చూసి ఈరన్న పిల్లను ఎత్తి దించాడు. "తియ్, మా అమ్మ పరీక్షల పాసైన దాంట్లనే పోదం."

నీలం పడవలో పెబ్బేరు నుంచి వచ్చిన నలుగురు ఎక్కారు. "మీరు గూడ ఎక్కకుండ్రి," అని జములమ్మ వాళ్లకూ చెప్పింది. వాళ్లు నవ్వుకున్నారు. రంగులేని పడవను బాలరాజు నడిపాడు. రెండూ కలిసే కదిలాయి. భవ్యశ్రీ అలిగి, ఒడ్డున నిలబడ్డ నానమ్మకు చెయ్యి ఊపలేదు.

నాలుగు గంటలకు గాలి లేచింది. నీళ్లు నల్లబడ్డాయి. చాలాసేపటికి చేపలు పట్టేవాళ్లు తమ పుట్టిలకు తాడు కట్టి ఒక పడవను ఒడ్డుకు లాక్కొచ్చారు. బోర్లాపడిన నీలం పడవ. దాన్ని పట్టుకుని ఐదుగురు.

"నే జెప్పలే? పగులుందని జెప్పలే?" జములమ్మ తన శాలువా తీసి వాళ్లలో వణుకుతున్న ఆడమనిషికి కప్పింది. నా వాళ్లు మంచి పడవలో ఉన్నారు అనుకుని, మనసులోనే జమ్మిచేడు అమ్మవారికి దండం పెట్టుకుంది.

"పగుల్లేదవ్వా," అన్నాడు ఇస్రాయేలు. పళ్లు టకటకలాడుతున్నాయి. "పీట రేకు ఊడితే కనబడ్డది. మునగకుండ లోపలంత థర్మాకోల్ కూరిండ్రు. అందుకే మోగలే. దాన్ని పట్టుకునే బతికినం."

జములమ్మ నీళ్ల వైపు చూసింది. "మరి మోగినది?"

"రెండూ ఒక్కసారే బోల్తా పడ్డయ్. దాంట్ల ఏం కూరలేదవ్వా. ఉత్త రేకు. చూస్తుండగనే మునిగింది."

ఈరన్న, చంద్రకళ, భవ్యశ్రీ, బాలరాజు తిరిగి రాలేదు. 2007 డిసెంబర్ 9, ఆదివారం, అమావాస్య.